దుమ్ము పట్టించిన కారు

టీవీలో పాత కార్ల కార్యక్రమం వచ్చే రోజున తాళాలాయన కొట్టు పెందలాడే కట్టేసేవాడు. మామూలు రోజుల్లో వీధి దీపాలు వెలిగాక కూడా, ఎవరో ఒకరు ఇంటి తాళంచెవి పారేసుకుని బిక్కమొహంతో వస్తారని కాచుకుని కూర్చునే మనిషే. ఆ ఒక్క సాయంత్రం మాత్రం, ఎవరి తలుపులు వాళ్ళే బద్దలు కొట్టుకోండి అన్నట్టు షట్టరు దించేసి, వేళ్ళకంటిన ఇత్తడి పొడి దులుపుకుంటూ ఇంటిదారి పట్టేవాడు. కుర్చీ టీవీ ముందుకు జరుపుకునేసరికి బావమరిది దిగేవాడు.

బావమరిదంటే పోయిన భార్యకు తమ్ముడు. జన్మంతా బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. ఇప్పటికీ ఏ గదిలోకి వచ్చినా అందరూ ఇంకాస్త ముందుకు జరిగితే బాగుండునన్నట్టు చూస్తాడు.

"మొదలెట్టేశాడా బావా?"

"ఇంకా లేదు. సబ్బులూ పేస్టులూ అవుతున్నాయి."

"ఈ సబ్బులన్నీ పెడితే వాడి కార్లు మొత్తం కడిగెయ్యొచ్చు."

కార్యక్రమం ప్రతివారం ఒకేలా మొదలయ్యేది. తోలు టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఎక్కడో ఊరి చివర ఓ పాడుబడ్డ షెడ్డు ముందు కారు దిగుతాడు. అతన్ని వీళ్ళిద్దరూ టోపీ ఆయన అనేవారు. తుప్పు పట్టిన తలుపు కిర్రుమంటుంది. లోపల చీకటి. పైన ఎక్కడో రేకు చిల్లిలోంచి వెలుగు పట్టీలా దిగుతుంది. ఆ వెలుగులో దుమ్ము కొట్టుకుపోయిన కారు ఒకటి, ఎవరో పిలిస్తే లేద్దామన్నట్టు ఒదిగి ఉంటుంది. టోపీ ఆయన మాట్లాడడు. దగ్గరికి వెళ్ళి అద్దం మీది దుమ్ములో వేలితో ఒక గీత గీస్తాడు. ఆ గీత గీసినప్పుడల్లా బావమరిది "హమ్మయ్య" అనేవాడు, కారు తనదే అయినట్టు.

తర్వాత కారు యజమాని కథ చెబుతాడు. లారీ వస్తుంది. పెద్ద మీసాల మెకానిక్ ఒకాయన కారు అడుగున దూరి బయటికొచ్చి తల అడ్డంగా ఊపుతాడు. అయినా బాగవుతుంది. ఎప్పుడూ బాగవుతుంది. ఆఖర్న గుడ్డ లాగుతారు, యజమాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఒక్కసారి నడుపుకోనిచ్చి, ఆ కారుని టోపీ ఆయన హాల్లో వరసలో నిలబెడతారు. అద్దంలాంటి నేల, ఒక్కో కారు మీదా ఒక్కో దీపం. ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు.

బావమరిదికి గీత ఇష్టం. తాళాలాయనకి ఆ హాలు ఇష్టం. అది వచ్చినప్పుడు ఆయన కుర్చీలో ముందుకి వంగి కూర్చునేవాడు. బయట లోకంలో అలా ఉండదని ఆయనకి తెలుసు. భార్య కుట్టుమిషను పోయింది, ఆమె పడుకున్న మంచం పోయింది, ఆమె పనిచేసిన ఆస్పత్రి భవనమే పోయింది. మనిషి ముట్టుకుని వాడుకున్నది ఏదైనా చివరికి తక్కెడలో పాత ఇనుము కింద పడాల్సిందే. ఆ హాల్లో మాత్రం పడదు. వారానికి ఒక సాయంత్రం ఆ మాట ఎవరో ఒట్టేసి చెప్పినట్టుండేది.

ఆయనకీ ఒక కారు ఉంది. ఆయనదని కాదు, ఆమెది.

ఆమె ప్రసవాలు చేసే నర్సు. వేళాపాళా లేకుండా ఎవరో తలుపు తడితే బయల్దేరాల్సిన ఉద్యోగం. అందుకని ఎవరో వాడేసిన చిన్న కారు, లేత ఆకుపచ్చది, కొనుక్కుని తనే నడపడం నేర్చుకుంది. ఆయన నేర్చుకోలేదు. "ఇంట్లో ఒకళ్ళు నడిపితే చాలదా, ఇద్దరం చెరోవైపు తిప్పుతామా" అనేవాడు. పక్క సీట్లో కూర్చుని, ఎదురుగా సైకిలు కనబడితే చాలు, లేని బ్రేకుని కాలితో నొక్కేవాడు. ఆమె నవ్వి, "నువ్వు తొక్కబట్టే ఆగిందిలే" అనేది.

ఓసారి ఆమె ఎవరి ఇంట్లోనో పిల్లని ఈ లోకంలోకి తెచ్చి వస్తూ కారు తాళంచెవి మురిక్కాలవలో జారవిడిచింది. ఆయన పళ్ళు కొయ్యని తాళంచెవి ఒకటి పట్టుకుని, అసలుది లేకుండానే, తాళంలో పెట్టి తిప్పి చూసి, పడ్డ గుర్తుల్ని బట్టి ఆకురాయితో పన్ను పన్నూ రాశాడు. అంతా అయ్యాక ఆఖరి పన్ను కాస్త లోతైంది. తిరుగుతుంది కానీ ఊరికే తిరగదు, కొంచెం పైకెత్తి తిప్పాలి. ఇంకొకటి చేస్తానంటే ఆమె వద్దంది. "ఎవడైనా ఎత్తుకుపోదామన్నా వాడికి తిప్పడం రాదు. ఉండనీ" అంది. వచ్చినవాళ్ళందరితో మాత్రం, "ఊరందరి తాళాలూ తీస్తాడు, పెళ్ళాం కారు దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణికింది" అని చెప్పి నవ్వేది.

ఆమె పోయాక కారు అద్దె షెడ్డులోనే ఉండిపోయింది. కలప అడితి వెనకాల వరసగా ఉన్న రేకుల షెడ్లలో అదొకటి. వారం వారం ఆయన వెళ్ళి తలుపు తీసి, కారు తుడిచి, మ్యాట్లు దులిపి, తాళంచెవి కొంచెం పైకెత్తి తిప్పేవాడు. ఇంజను మొదలయ్యేది. పక్క సీట్లో కూర్చుని ఫ్లాస్కులో టీ తాగినంతసేపూ ఆడనిచ్చి ఆపేసేవాడు. ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు. బావమరిదికి నడపడం వచ్చు కానీ ఎప్పుడూ అడగలేదు. ఆ ఒక్క విషయంలో బావమరిది నోటికి తాళం ఎవరు వేశారో గానీ, వేసినవాళ్ళకి దణ్ణం పెట్టుకోవాలి అనుకునేవాడు తాళాలాయన.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, షెడ్ల యజమాని అవన్నీ పడగొట్టి ఇళ్ళు కడతానన్నాడు. అందర్నీ ఖాళీ చెయ్యమన్నాడు. ఇంటి దగ్గర చూస్తే సైకిలు పెట్టే చోటు కూడా లేదు. కొనేవాడి కోసం వాకబు చేస్తే పాత ఇనుము వాడొక్కడే వచ్చాడు. వాడు బానెట్ మీద వేలి కణుపుతో టక్ టక్ మని కొట్టి, "రేకు మందం బాగానే ఉందే" అన్నాడు. తాళాలాయన కొట్టినచోట గుడ్డతో తుడిచి, వాణ్ణి పంపించేశాడు.

ఆ వారం హాలు కనిపించినప్పుడు బావమరిదే అన్నాడు.

"బావా, ఆ చివర ఇంకా ఖాళీ ఉంది చూడు."

"ఎక్కడ?"

"ఎర్ర కారు పక్కన. అక్క బండి సరిగ్గా పడుతుంది."

తాళాలాయనా అదే చూస్తున్నాడు, చాలా వారాలుగా.

ఫోను చేసింది బావమరిదే. కొన్నాళ్ళకి కార్యక్రమం వాళ్ళ అమ్మాయి ఒకతె వచ్చింది. చెవిలో వైరు, భుజాన సంచి. ఏ షూటింగు ఎప్పుడు, ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నదంతా తన పనేనని చెప్పింది. తాళాలాయన షెడ్డు తలుపు తీసి పక్కకి నిలబడ్డాడు. కారు అద్దంలో అమ్మాయి మొహం కనిపించేలా మెరుస్తోంది. ఆయన ముందురోజే ఇంకోసారి తుడిచాడు.

"అయ్యో" అంది అమ్మాయి. "ఇంత బాగుందేంటి అంకుల్."

మెచ్చుకుందనుకుని ఆయన మొహం విప్పారింది. "వారం వారం స్టార్ట్ చేస్తానమ్మా. ఎండ కూడా తగలనివ్వను."

"అదే వచ్చింది చిక్కు." ఆమె నిజంగానే బాధపడుతూ చెప్పింది. "మా ప్రోగ్రాం చూస్తారు కదా మీరు. మేం వచ్చి కాపాడాలి అంకుల్. ఇందులో కాపాడ్డానికి ఏముంది? మీరే కాపాడేశారు."

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "అంటే, బాగున్న బండికి చోటు లేదా అమ్మా?"

"చోటుంది. కథ లేదు."

తర్వాత అమ్మాయే గొంతు తగ్గించి దారి చెప్పింది. కొంచెం దుమ్ము పట్టిస్తే చాలు. చాలామంది చేసేదే. టైర్లలో గాలి తీసేసి, అద్దాలు దించేసి, పైన రెండు రేకులు జరిపితే వెలుగు బాగా పడుతుంది. మిగతాది తను చూసుకుంటుంది. వచ్చే వారమే షూటింగ్. తర్వాత ఎలాగూ మీసాల మెకానిక్ దాన్ని కొత్తదానిలా చేస్తాడు కదా.

"అలా అయితే హాల్లో పెడతారా?" అని అడిగాడు తాళాలాయన.

"సార్‌కి నచ్చితే తప్పకుండా."

పక్కనే అడితి ఉండటం కలిసొచ్చింది. రంపప్పొట్టు ఓ బస్తా, సిమెంటు కొంచెం, పొయ్యి బూడిద కొంచెం తెచ్చుకుని బావా బావమరుదులు పనిలోకి దిగారు. ముందు చల్లారిన టీ నీళ్ళు కారంతా చిలకరించాలట, అప్పుడే దుమ్ము పట్టుకుంటుందని అమ్మాయి చెప్పింది. తాళాలాయన పిండి జల్లెడ తెచ్చి, పైకప్పు మీద, బానెట్ మీద, ఎక్కడా గడ్డలు కట్టకుండా సమానంగా జల్లుతున్నాడు.

"బావా, నువ్వు దుమ్ము కూడా పాలిష్ పట్టినట్టే పట్టిస్తున్నావు."

"చేసే పని సరిగ్గా చెయ్యాలి కదా."

"అక్క చూస్తే మనిద్దర్నీ ఈ జల్లెట్లోనే వేసి జల్లించేది." ఆ మాట అని, అన్నందుకు బావమరిది నాలిక్కరుచుకున్నాడు. తాళాలాయన నవ్వాడు. నవ్వి, టైరు దగ్గర కూర్చుని గాలి వదిలాడు.

అమ్మాయి వచ్చి అన్ని వైపులనుంచీ ఫోటోలు తీసుకుంది. చాలా బాగుందంది. వెళ్తూ వెళ్తూ, "ఇక చెయ్యి పెట్టకండి అంకుల్. ఫోటోలో ఎలా ఉందో అలాగే ఉండాలి" అంది.

మరుసటి వారం షూటింగ్ జరగలేదు. టోపీ ఆయనకి వేరే ఊళ్ళో వేరే కారు దొరికింది. ఆ తర్వాతి వారమూ జరగలేదు. ఈలోగా వానలు మొదలయ్యాయి.

మొదటి వాన పడ్డప్పుడు తాళాలాయన కొట్టు వదిలేసి పరిగెత్తాడు. తీసేసిన రేకుల చోటునుంచి నీళ్ళు ధారగా కారు మీదికి, దించిన అద్దాల్లోంచి లోపలికి పడుతున్నాయి. ప్లాస్టిక్ పట్టా ఒకటి కప్పి అమ్మాయికి ఫోను చేశాడు.

"రేకులు వేసేయనా అమ్మా? మళ్ళీ ఆరోజుకి తీసేద్దాం."

"వద్దంకుల్. ఫోటోలు చూసి సార్ ఆ వెలుగుకే పడిపోయారు. ఎలా ఉందో ఓ ఫోటో తీసి పంపించండి."

పంపించాడు. కాసేపటికి ఆమే చేసింది. "పట్టా గుర్తులు పడ్డాయి అంకుల్, తుడిచినట్టు కనిపిస్తోంది. వాన చారలు పరవాలేదు, ఇంకా అందంగా ఉన్నాయి. పట్టా మాత్రం తీసేయండి. మళ్ళీ మొదట్నుంచీ అంటే మీ కారు వెనక్కి పోతుంది, ఇంకొకళ్ళది ముందుకొస్తుంది."

పట్టా తీసేశాడు. తను లేని పూట నీళ్ళు ఎక్కువ పడకుండా చూడమని అడితి కాపలావాణ్ణి అడిగితే, అతను ఒక బకెట్టు తెచ్చి ముందు సీటు మీద ధార పడేచోట పెట్టి వెళ్ళాడు. అతని మంచితనం ఆ వానాకాలమంతటిలో ఒక బకెట్టంత. షెడ్ల యజమాని కూడా, షూటింగులో తన షెడ్డు కనిపిస్తుందని తెలిసి, గడువు అడక్కుండానే పొడిగించాడు. ఒక కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడట.

కాళ్ళు పెట్టుకునే చోట నీళ్ళు నిలుస్తున్నాయి. మొదట్లో తాళాలాయన చెంబుతో తోడేసేవాడు. తోడిన నీళ్ళు మొదట మట్టి రంగులో ఉండేవి. పోనుపోను టీ రంగుకి తిరిగాయి. అది ఏ రంగో ఇనుముతో బతికేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకరోజు మ్యాటు ఎత్తి వేలితో నొక్కితే కింది రేకు తడిసిన అట్టలా మెత్తగా దిగింది. చప్పున మ్యాటు కప్పేసి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

"బావా, ఇక ఆపేద్దాం. రేకులు వేసేద్దాం" అన్నాడు బావమరిది, ఆ సాయంత్రం టీవీ ముందు.

"వేసి ఎక్కడ పెడదాం? నీ నెత్తిన పెట్టుకుంటావా?"

అప్పుడే టీవీలో ఓ చెరువు గట్టున సగం భూమిలో కూరుకుపోయిన కారుని బయటికి లాగుతున్నారు. అడుగంతా ఊడి వేలాడుతోంది. మీసాల మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. అయినా ఆఖరికి గుడ్డ లాగేసరికి అది తళతళలాడుతూ నిలబడింది.

"చూశావా" అన్నాడు తాళాలాయన. "మనది దానికన్నా నయం."

వానలు వెనకబట్టాక గానీ వాళ్ళు రాలేదు. టోపీ ఆయన టీవీలో కన్నా పొట్టిగా ఉన్నాడు, కానీ అంతకన్నా మర్యాదస్తుడు. షెడ్డు తలుపు కిర్రుమనాలని మళ్ళీ మళ్ళీ తీయించారు. తాళాలాయన ఆ కీలుకి ఎప్పుడూ నూనె వేస్తూ ఉండటంతో చప్పుడు రాలేదు. చివరికి అడితి తలుపు చప్పుడు విడిగా పట్టుకున్నారు.

తర్వాత తాళాలాయన్ని కారు పక్కన నిలబెట్టి అమ్మాయి ఒక మాట చెప్పమంది. ఆవిడ పోయాక నేను ఈ తలుపు తీయలేదు. అంతే, ఒక్క మాట.

"వారం వారం వచ్చేవాణ్ణి కదమ్మా" అన్నాడు మెల్లిగా.

"తెలుసంకుల్. ఇది అబద్ధం కాదు, కథ అంతే. అందరూ చెబుతారు."

అందరూ అంటే ఎవరో ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. చెరువు గట్టు కారు ముసలాయన, గోడౌన్లో కారు పెట్టుకుని ఏడ్చిన అక్కచెల్లెళ్ళు. వాళ్ళందరితో కలిసి ఆయన ఇన్నాళ్ళూ ఏడ్చాడు. కెమెరా వైపు తిరిగి చెప్పాడు. "ఆవిడ పోయాక నేను ఈ తలుపు తీయలేదు." వెనకాల నిలబడ్డ బావమరిది చెప్పుల వైపు చూసుకున్నాడు.

టోపీ ఆయన అద్దం మీద వేలితో గీత గీశాడు. తాళంచెవి చేతికిస్తూ తాళాలాయన, "కొంచెం పైకెత్తి తిప్పాలండీ" అన్నాడు. టోపీ ఆయన తాళాలాయన భుజం మీద చెయ్యి వేసి, "మీ ఆవిడ బండి ఇక నా పూచీ" అన్నాడు. అది ఎవరూ చెప్పమన్న మాట కాదు, కెమెరా అప్పటికే ఆపేశారు. ఆ మాట తాళాలాయన చాలాకాలం దాచుకున్నాడు.

కారుని లారీ మీదికి ఎత్తేటప్పుడు అడుగునుంచి ఎర్రటి నీళ్ళు దబ్బున కారాయి. మీసాల మెకానిక్ వంగి చూసి, లేచి, తాళాలాయన వైపు ఒక చూపు చూశాడు. టీవీలోలాగా తల ఊపలేదు.

చాలా నెలలకి పిలుపు వచ్చింది. తాళాలాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బావమరిదికి ఆరోజు కంటి డాక్టరు దగ్గర పని పడింది. "వెళ్ళి అక్క బండి చూసి రా బావా. నేను టీవీలో చూస్తాలే, అందులో అయితే దగ్గరగా కనిపిస్తుంది" అన్నాడు.

వర్క్‌షాపు మధ్యలో గుడ్డ కప్పి ఉంది. గుడ్డ లాగారు. లేత ఆకుపచ్చ. అదే రంగు, అదే నంబరు ప్లేటు. ఆయన చెయ్యి తనంతట తానే నోటికి అడ్డం వెళ్ళింది. ఎవరో "బాగుంది, బాగుంది" అన్నారు మెల్లగా.

మీసాల మెకానిక్ రిబ్బను కట్టిన తాళంచెవి చేతిలో పెట్టాడు. నడపడం రాదు కాబట్టి స్టార్ట్ చేస్తే చాలన్నారు. ఆమె సీట్లో ఎప్పుడూ కూర్చోనివాడు కూర్చున్నాడు. తాళంచెవి పెట్టి, కొంచెం పైకెత్తి తిప్పాడు. పట్టేసింది. ఇంకోసారి ఎత్తాడు. మళ్ళీ పట్టేసింది. చెయ్యి ఊరికే వదిలేసి తిప్పితే వెన్నలా తిరిగింది. ఇంజను మొదలైంది.

ఆయన అలాగే కూర్చుండిపోయాడు.

"అంకుల్, చాలా గుంభనంగా ఉన్నారు" అంది అమ్మాయి. "ఇంకొక్కసారి చేద్దాం. ఆంటీని గుర్తు చేసుకోండి, ఏం కంగారు లేదు." దీపాలు సర్దుకోవడానికి అందరూ పక్కకి వెళ్ళారు. ఆమె వెళ్తూ ఆయన చేతికి మంచినీళ్ళ సీసా ఇచ్చింది, మూత తీసి మరీ.

మెకానిక్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తాళం మార్చారా?" అని అడిగాడు తాళాలాయన.

మెకానిక్ అటూ ఇటూ చూశాడు. ఆయన అబద్ధాలు కెమెరాకి చెప్పగలడు గానీ మనిషికి చెప్పలేడని మొహంలోనే తెలుస్తోంది.

"తాళం ఒక్కటే కాదండీ" అన్నాడు. "ఇది మీ బండి కాదు. ఇలాంటిదే ఇంకొకటి దొరికితే దీన్ని చేశాం. మీదానికి అడుగు మొత్తం పోయింది. వెల్డింగ్ పెడితే పట్టుకోవడానికి రేకు ఉండాలి కదా, చేత్తో ముట్టుకుంటే పెచ్చులూడి వచ్చింది. పనికొచ్చేవి తీసుకుని మిగతాది పంపించేశాం."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి. పాత ఇనుముకి."

తాళాలాయన స్టీరింగు పట్టుకుని అద్దంలోంచి ఎదురుగా చూస్తున్నాడు, ఎదురుగా సైకిలు వస్తున్నట్టు.

మెకానిక్ ఆగలేకపోయాడు. కార్లంటే ప్రాణం పెట్టే మనిషి. "కోప్పడుతున్నాననుకోకండి. పెద్దవారు. కానీ ఇన్నేళ్ళు తలుపు తీయకుండా వదిలేస్తే ఏ బండి మాత్రం ఉంటుంది చెప్పండి? ఇంజను చూస్తే ఏడుపొచ్చింది నాకు, బంగారంలా ఉంది. ఎవరో ఎంత ప్రేమగా వాడారో అనుకున్నా. మీ ఆవిడే అయ్యుంటారు. ఆవిడ పోయాక మీరు వారానికొక్కసారి, ఒక్కసారి వచ్చి తుడిచి చూసుకుని ఉంటే ఈ గతి పట్టేది కాదు."

చెప్పడానికి తాళాలాయన దగ్గర మాట ఉంది. నోట్లోనే ఉంది. కానీ అది బయటికొస్తే దాని వెనకాలే జల్లెడ వస్తుంది, టీ నీళ్ళు వస్తాయి, తీసేసిన పట్టా వస్తుంది. ఊరంతా చూడబోయే కథ కన్నా ఈయన దగ్గర చెప్పుకునే నిజం ఇంకా చెడ్డగా ఉంటుంది.

"నిజమేనండీ" అన్నాడు.

ఆ ఒప్పుకోలుకి మెకానిక్ మెత్తబడ్డాడు. వంగి, గేరు మీది గుండ్రటి పిడి చూపించాడు. "ఇది మాత్రం మీదే. కొత్తది వేద్దామన్నారు, నేనే ఒప్పుకోలేదు. ఒక పక్క అరిగింది చూడండి. చెయ్యి అరిగించింది."

తాళాలాయన చెయ్యి దాని మీద పెట్టాడు. అరిగిన చోటు ఆయన అరచేతికి సరిపోలేదు. చిన్నగా, కొంచెం పక్కగా ఉంది, ఆమె పెట్టుకునే చోట.

"రెడీ అంకుల్?" అని అమ్మాయి గొంతు వినిపించింది. దీపాలు వెలిగాయి. తాళంచెవి పైకెత్తకుండా తిప్పాడు. ఇంజను మొదలయ్యేలోగానే ఆయన ఏడుస్తున్నాడు. భుజాలు కదిలిపోయేలా, టోపీ ఆయన వచ్చి తలుపులోంచి పట్టుకునేదాకా ఏడ్చాడు. కెమెరా వెనకాల ఎవరో ముక్కు చీదుకున్నారు. అయ్యాక అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, ఇన్నేళ్ళలో ఇంత నిజంగా ఎవరూ చెయ్యలేదంది.

అది ప్రసారమైన మర్నాటినుంచీ కొట్టుకి వచ్చేవాళ్ళు ఒక రకంగా చూసేవారు. ఇద్దరు ముగ్గురు అభినందించారు. కూతురితో వచ్చిన ఒకావిడ మాత్రం తాళం తీసుకుని అక్కడే నిలబడి, "ఇది మీ ఆవిడ చేతుల్లో పుట్టిన పిల్ల. వానలో ఆ కారేసుకునే వచ్చింది మా ఇంటికి. అలాంటి బండిని అలా ఎలా వదిలేశారండీ?" అంది. ఆయన తల దించుకుని ఆకురాయి అందుకున్నాడు, రాయడానికి ఏమీ లేకపోయినా.

ప్రసారమైన సాయంత్రం బావమరిది చూపు బాగయిన కళ్ళతో టీవీకి ముక్కు ఆనించి కూర్చున్నాడు. హాల్లో ఎర్ర కారు పక్కన లేత ఆకుపచ్చ కారు నిలబడింది, మీద దీపం వెలిగింది. "అదిగో" అన్నాడు. కాసేపయ్యాక, "మనం చేసింది తప్పేమో అని ఆ వానాకాలమంతా నాకు నిద్ర లేదు బావా. పోనీలే. అక్క బండి బతికింది" అన్నాడు.

తాళాలాయన అతని వైపు చూశాడు. బస్సులో ఆఖరి ప్రయాణికుడు కూడా క్షేమంగా దిగిపోయాక కండక్టరు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

"ఆఁ, బతికింది" అన్నాడు.

"ఓరోజు వెళ్ళి చూసొద్దాం."

"వెళ్దాంలే. ఇప్పుడేం తొందర."

తర్వాతి వారం కూడా ఆయన కొట్టు పెందలాడే కట్టేశాడు. కట్టకూడదనే అనుకున్నాడు గానీ వేళయ్యేసరికి చెయ్యి షట్టరు మీదికి వెళ్ళింది. సబ్బులూ పేస్టులూ అయ్యాయి. షెడ్డు తలుపు కిర్రుమంది. ఆ చప్పుడు ఆయనకి తెలుసు, అడితి తలుపుది. పై రేకులోంచి వెలుగు దిగింది. కారు పక్కన ఎవరో ముసలావిడ, చేతులు కట్టుకుని, ఆయన పోయాక ఈ తలుపు తీయలేదని చెబుతోంది. దుమ్ము పైకప్పంతా ఎక్కడా గడ్డ కట్టకుండా సమానంగా ఉంది.

టోపీ ఆయన గీత గీశాడు. "హమ్మయ్య" అన్నాడు బావమరిది.

తాళాలాయన తెర మీద ఆవిడ చేతులే చూస్తూ కూర్చున్నాడు. ఆఖర్న గుడ్డ లాగి, రిబ్బను కట్టిన తాళంచెవి ఆవిడకి ఇచ్చారు. ఆవిడ సీట్లో కూర్చుని తాళంచెవి పెట్టి, తిప్పబోయి, ఒక్క క్షణం ఆగింది. తర్వాత తిప్పింది. ఏడ్చింది.

"ఎంత సంతోషపడుతోందో చూడు బావా" అన్నాడు బావమరిది.

తాళాలాయన ఊఁ కొట్టాడు. హాలు వచ్చింది. తనకి తెలియకుండానే కుర్చీలో ముందుకి వంగాడు.